కాపీ–పేస్ట్: రైట్ క్లిక్కా, కీబోర్డా, లాగి వదలడమా? కొత్తవాళ్లు దేనితో మొదలుపెట్టాలి

మా పిన్ని అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుంది. చిన్ననాటి సంగతులన్నీ ఒకచోట రాసిపెట్టుకోవాలని ఆవిడ కోరిక. టైపింగ్ రెండు నెలల్లో పట్టుబడింది. ఒకరోజు నేను వెళ్లేసరికి ఆవిడ పడుతున్న పాట్లు చూసి ప్రాణం ఉసూరుమంది. మూడో పేజీలో ఉన్న ఒక పేరా మొదటి పేజీలోకి రావాలి. దాన్ని కాగితం మీద చేత్తో రాసుకుని, పైకి వెళ్లి మళ్లీ మొత్తం టైపు చేసి, కిందికొచ్చి పాతదాన్ని ఒక్కో అక్షరమే చెరుపుతోంది.

“దీనికి కాపీ, పేస్ట్ ఉన్నాయి కదా పిన్నీ” అన్నాను.

“ఉన్నాయని తెలుసురా. ఒకళ్లు రైట్ క్లిక్ చెయ్యమంటారు, ఇంకొకళ్లు కంట్రోల్ సి కొట్టమంటారు, మీ చెల్లేమో పట్టుకుని లాగెయ్యమంటుంది. మూడూ కలిసి బుర్రలో ముద్దయిపోయాయి. ఏదో ఒకటి తేల్చి చెప్పు, అదే నేర్చుకుంటా.”

ఆవిడ అడిగింది సరైన ప్రశ్న. నేర్పేవాళ్లు అన్ని దారులూ ఒకేరోజు చూపించేస్తారు. తెలిసినవాళ్లకి అవన్నీ ఒకటే పని. తెలియనివాళ్లకి అవి మూడు వేర్వేరు విద్యలు. ఆ తర్వాత ఇంకొందరికి నేర్పాను, ఇప్పుడు నా అభిప్రాయం గట్టిపడింది. మొదటి వారం రైట్ క్లిక్ ఒక్కటే చాలు. చెయ్యి కుదిరాక కీబోర్డుకి మారాలి, ఇక అక్కడే స్థిరపడాలి. లాగి వదలడం ఫైళ్లకి మాత్రమే, అదీ ఒక జాగ్రత్త తీసుకుని. ఎందుకలా అంటున్నానో ఒక్కొక్కటే చెబుతాను.

అసలు చిక్కు కాపీలో లేదు

ఏ పద్ధతి పట్టుకున్నా ముందు చేయాల్సిన పని ఒకటే: కావలసిన అక్షరాలని సెలెక్ట్ చేయడం. “కాపీ అవట్లేదు” అని నన్ను పిలిచిన ప్రతి పదిసార్లలో ఎక్కువసార్లు కాపీ బాగానే ఉంటుంది, సెలెక్ట్ చేయడమే కుదరలేదు. కంప్యూటర్‌కి ‘ఇది’ అని చూపించకుండా ‘తీసుకో’ అంటే అదేం తీసుకుంటుంది?

సెలెక్ట్ చేయడానికి అందరూ మొదట చూపించేది మౌస్ ఎడమ బటన్ నొక్కిపట్టి అక్షరాల మీదుగా లాగడం. కొత్త చేతికి ఇదే అన్నిటికన్నా కష్టం. బటన్ మీద వేలు కాస్త లేస్తే సెలెక్షన్ మధ్యలో ఆగిపోతుంది, పేజీ అంచుకి వెళితే జర్రున కిందికి జారిపోతుంది. అందుకని నేను దీంతో మొదలుపెట్టను. ఒక్క పదం కావాలంటే దాని మీద రెండుసార్లు టకటకా నొక్కండి. వర్డ్‌లో, బ్రౌజర్‌లో మూడుసార్లు నొక్కితే పేరా మొత్తం నీలిరంగులోకి వస్తుంది. ఉన్నదంతా కావాలంటే కంట్రోల్+ఎ.

ఇవేవీ సరిపోకపోతే, అంటే రెండున్నర పేరాలు కావాలంటే, ఇంకో దారి ఉంది. చేతులు వణికేవాళ్లకి ఇంతకు మించింది లేదు. కావలసిన చోటు మొదట్లో ఒకసారి క్లిక్ చేసి మౌస్ వదిలేయండి. తీరిగ్గా కిందికి వెళ్లండి. షిఫ్ట్ కీ నొక్కిపట్టి చివర ఇంకోసారి క్లిక్ చేయండి. మధ్యలోదంతా సెలెక్ట్ అవుతుంది. బటన్ పట్టుకుని లాగే పనే లేదు. చివర ఒక పదం ఎక్కువో తక్కువో వస్తే షిఫ్ట్ వదలకుండా బాణం కీలతో సర్దుకోవచ్చు. పిన్నికి ఇది చూపించిన రోజు, “ఇదేదో దారానికి రెండు వైపులా ముడి వేసినట్టుంది” అంది. అప్పట్నించీ నేను అందరికీ ఆ మాటే చెబుతున్నాను.

రైట్ క్లిక్: కంటికి కనిపించే దారి

సెలెక్ట్ చేసిన దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కితే ఒక పట్టీ తెరుచుకుంటుంది. అందులో కట్, కాపీ, పేస్ట్ అని పేర్లుంటాయి. కాపీ మీద మామూలుగా క్లిక్ చేసి, పెట్టాల్సిన చోటికి వెళ్లి, అక్కడ మళ్లీ కుడి బటన్ నొక్కి, పేస్ట్ అంటే పని పూర్తయింది.

ఇందులో ఉన్న పెద్ద సుగుణం, ఏదీ బట్టీ పట్టనక్కర్లేదు. ఏం చేయవచ్చో తెర మీదే రాసి ఉంటుంది. అంతేకాదు, సెలెక్ట్ కాకపోతే చాలా ప్రోగ్రాముల్లో కాపీ అన్న మాట వెలిసిపోయినట్టు బూడిదరంగులో ఉంటుంది, లేదా అసలు కనిపించదు. అంటే తప్పు ఎక్కడ జరిగిందో ఆ పట్టీయే చెబుతుంది. కొత్తవాళ్లకి కావలసింది ఇదే. కీబోర్డు ఈ మాట చెప్పదు. అక్కడ కంట్రోల్ సి కొట్టినా కొట్టకపోయినా తెర ఒకేలా ఉంటుంది.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, కుడి బటన్ నీలిరంగు పడిన అక్షరాల మీదే నొక్కాలి. పక్కన ఖాళీ జాగాలో నొక్కితే సెలెక్షన్ పోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. రెండోది వర్డ్ వాడేవాళ్లకి. పేస్ట్ చేయబోతే అక్కడ ‘పేస్ట్’ అని సూటిగా ఉండదు. ‘పేస్ట్ ఆప్షన్స్’ అని రాసి కింద చిన్నచిన్న బొమ్మలుంటాయి. ఏది నొక్కాలో తెలియక ఆగిపోతారు. అక్షరాలని బొమ్మగా మార్చి పెట్టే ‘పిక్చర్’ తప్ప ఏది నొక్కినా మీ అక్షరాలు వస్తాయి, భయం లేదు. తేడా అల్లా ఫాంటు, రంగు, సైజు పాతవి ఉండాలా వద్దా అన్నదే. విండోస్ 11 వచ్చిన కొత్తల్లో ఫైళ్ల మీద రైట్ క్లిక్ చేస్తే కట్, కాపీ అన్న పేర్ల బదులు పైవరసలో కత్తెర, రెండు కాగితాల బొమ్మలే ఉండేవి. తర్వాతి అప్‌డేట్లలో వాటి కింద పేర్లు కూడా చేర్చారు. మీ తెర మీద పేర్లు లేకపోతే ఆ రెండు కాగితాల బొమ్మే కాపీ.

ల్యాప్‌టాప్‌లో మౌస్ లేకపోతే టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో ఒకసారి తడితే అదే రైట్ క్లిక్. పేజీ పైన రిబ్బన్‌లో, అంటే బటన్ల పట్టీలో, ఉండే కత్తెర, కాగితాల బటన్లు కూడా ఇదే పని చేస్తాయి గానీ ప్రతిసారీ అంతదూరం వెళ్లి రావాలి. వాటిని ప్రత్యేకంగా నేర్చుకోమని చెప్పను.

కీబోర్డు: చేతికి అలవాటయ్యే దారి

కంట్రోల్+సి కాపీ, కంట్రోల్+వి పేస్ట్, కంట్రోల్+ఎక్స్ కట్. పొరపాటు జరిగితే వెనక్కి తీసుకోవడానికి కంట్రోల్+జెడ్. కీబోర్డు కింది వరస చూడండి: జెడ్, ఎక్స్, సి, వి పక్కపక్కనే ఉంటాయి. ఇది కాకతాళీయం కాదు. కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతిని ఇప్పుడు మనకి తెలిసిన రూపంలో తయారుచేసింది లారీ టెస్లర్, టిమ్ మాట్. 1970ల మధ్యలో జెరాక్స్ వారి పార్క్ పరిశోధనాలయంలో ‘జిప్సీ’ అనే రాత ప్రోగ్రాము కోసం చేశారు. పుస్తకాల ఎడిటర్లు రాతప్రతిని కత్తెరతో కత్తిరించి, ఇంకోచోట జిగురుతో అంటించేవాళ్లు. కట్, పేస్ట్ అన్న పేర్లు అక్కడివే. టెస్లర్ తర్వాత ఆపిల్‌కి వెళ్లారు. 1983లో వచ్చిన లిసా కంప్యూటర్‌లో ఈ నాలుగు అక్షరాలూ ఈ పనులకి కుదిరాయి. అక్కడి నుంచి అన్ని కంప్యూటర్లకీ పాకాయి. టెస్లర్ 2020లో చనిపోయారు. కంప్యూటర్ కోసం మనిషి మారడం కాదు, మనిషికి తగ్గట్టు కంప్యూటర్ ఉండాలని జీవితాంతం పట్టుబట్టిన మనిషి ఆయన. ఆయన పేరు తెలియకుండానే కోట్లమంది రోజూ ఆయన పని వాడుకుంటున్నారు. అందుకే నేర్పేటప్పుడు ఒక్క నిమిషం ఆయన గురించి చెబుతాను.

గుర్తుపెట్టుకోవడానికి నా చిట్కా: సి అంటే కాపీ. ఎక్స్ తెరిచిన కత్తెరలా ఉంటుంది, కనక కట్. వి కిందికి చూపే బాణంలా ఉంటుంది, ‘ఇక్కడ పెట్టు’ అన్నట్టు.

కీబోర్డులో కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటి ఉంది. తెలియకపోతే గుండె గుభేలుమంటుంది. పిన్ని పేరా అంతా చక్కగా సెలెక్ట్ చేసింది. రెండు వేళ్లూ పైకెత్తి కంట్రోల్, సి రెండిటినీ ఒకేసారి టప్పున కొట్టింది. సి ఒక వెంట్రుకవాసి ముందు పడింది. పేరా మొత్తం మాయమై దాని జాగాలో ఒకే ఒక్క అక్షరం మిగిలింది. ఆవిడ మొహంలో రక్తం లేదు. “మొత్తం పోయిందిరా” అంది. పోలేదు. సెలెక్ట్ చేసి ఉన్నప్పుడు ఏ అక్షరం కొట్టినా పాతదాని స్థానంలో అది కూర్చుంటుంది, అంతే. కంట్రోల్ నొక్కిపట్టి జెడ్ కొట్టించాను. పేరా తిరిగొచ్చింది.

కాబట్టి రెండూ ఒకేసారి కొట్టకండి. ముందు ఎడమ చిటికెన వేలుతో కంట్రోల్ నొక్కి, అలాగే పట్టుకోండి. హడావుడి లేదు, పది సెకన్లు పట్టుకున్నా ఏమీ కాదు. తర్వాత చూపుడు వేలుతో సి ఒక్కసారి తట్టండి. తర్వాత కంట్రోల్ వదలండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎడమ మూలన కంట్రోల్‌కి బదులు ఎఫ్ఎన్ కీ ఉంటుంది, చూసుకోండి. కీబోర్డు తెలుగులోకి మార్చి ఉన్నా విండోస్‌లో కంట్రోల్+సి పనిచేస్తుంది, ఇంగ్లీషుకి మార్చనక్కర్లేదు.

కాపీ కొట్టినప్పుడు తెర మీద ఏమీ జరగదని ముందే చెప్పాను. అయిందో లేదో అనుమానంతో కొందరు నాలుగుసార్లు కొడతారు. కొట్టుకోనివ్వండి, కాపీ ఎన్నిసార్లు కొట్టినా నష్టం లేదు. పేస్ట్ మాత్రం అలా కాదు. ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు అక్షరాలు వచ్చిపడతాయి.

వేళ్లు సరిగ్గా వంగనివాళ్లు, ఒకే చేత్తో పనిచేసేవాళ్లు రెండు కీలు కలిపి పట్టుకోలేరు. వాళ్ల కోసం విండోస్‌లో స్టికీ కీస్ ఉంది. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు కొడితే ఆన్ చేయమంటారా అని అడుగుతుంది. ఆన్ చేస్తే కంట్రోల్ ఒకసారి తట్టి వదిలేసి, తర్వాత సి తట్టినా సరిపోతుంది. ఈ సంగతి ఇంకా చాలామందికి తెలియాలి.

మౌస్ ఎడమ చేత్తో పట్టుకునేవాళ్ల సంగతి వేరు. కంట్రోల్ సి కోసం ప్రతిసారీ మౌస్ వదిలి అదే చేతిని కీబోర్డు మీదికి తేవాలి. వాళ్లకి పాత జంట ఒకటి బాగా నప్పుతుంది: కంట్రోల్+ఇన్సర్ట్ కాపీ, షిఫ్ట్+ఇన్సర్ట్ పేస్ట్. ఐబీఎం 1980లలో రూపొందించిన పద్ధతి ఇది, విండోస్‌లో ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తుంది. కుడి చేత్తో అయిపోతుంది. ఇందులో మూడోది, కట్ కోసం షిఫ్ట్+డిలీట్, నేర్చుకోవద్దు. అక్షరాల మీద అది కట్టే. కానీ ఫైలు మీద కొడితే రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లకుండా శాశ్వతంగా చెరిగిపోతుంది.

లాగి వదలడం: చూడముచ్చట, కానీ

సెలెక్ట్ చేసినదాన్ని మౌస్‌తో పట్టుకుని కొత్తచోట వదిలేయడం చూడటానికి ఎంతో సహజంగా ఉంటుంది. వస్తువు తీసి పక్కన పెట్టినట్టే. పిల్లలు ఇష్టపడతారు. నేను మాత్రం పెద్దవాళ్లకి మొదట్లో దీన్ని నేర్పను. కారణం, ఒకే చేతి కదలిక ఒక్కోచోట ఒక్కోలా పనిచేస్తుంది. వర్డ్‌లో అక్షరాలని లాగితే అవి అక్కడి నుంచి ఇక్కడికి జరుగుతాయి, అంటే కట్. కంట్రోల్ పట్టుకుని లాగితే కాపీ. ఫైళ్లయితే, ఒకే డ్రైవులో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి లాగితే జరిగిపోతాయి. పెన్‌డ్రైవ్‌లాంటి వేరే డ్రైవులోకి లాగితే కాపీ అవుతాయి. ఇది తెలియకే చాలామంది కాపీ తీశాననుకుని అసలు ఫైలునే జరిపేస్తారు. కాపీ అనుకున్న ఆ ఒక్కదాన్ని తర్వాత చెరిపేస్తే ఇక రెండోది ఉండదు.

ఇంకో ప్రమాదం, లాగుతుండగా వేలు మధ్యలో లేవడం. ఫోల్డర్ పక్క ఫోల్డర్‌లో పడిపోతుంది, ఎక్కడికెళ్లిందో తెలియదు. వెంటనే గమనిస్తే కంట్రోల్+జెడ్ కొడితే వెనక్కి వస్తుంది, ఫైళ్ల విషయంలోనూ అది పనిచేస్తుంది.

లాగడమే ఇష్టమనుకుంటే కుడి బటన్ పట్టుకుని లాగండి. నేను పైన చెప్పిన ఒక జాగ్రత్త ఇదే. వదిలినచోట విండోస్ ఒక పట్టీ తెరిచి, ఇక్కడికి కాపీ చేయనా, ఇక్కడికి జరపనా అని అడుగుతుంది. ఏం జరగబోతోందో మీరే చెబుతారు. ఇంత మంచి సదుపాయాన్ని ఏళ్ల తరబడి కంప్యూటర్ వాడుతున్నవాళ్లలో కూడా చాలామంది చూడలేదు.

కాపీనా, కట్టా

పిన్ని పేరా విషయంలో నిజానికి కావలసింది కట్, అంటే ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టడం. అయినా నేను నేర్పింది కాపీ. కాపీ చేసి, పైన పేస్ట్ చేసి, వచ్చిందని కళ్లారా చూసుకుని, అప్పుడు కిందికి వెళ్లి పాతదాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాలి. ఒక అడుగు ఎక్కువే. కానీ మధ్యలో ఫోన్ మోగినా, ఇంకేదైనా కాపీ చేసినా అసలుది ఎక్కడికీ పోదు.

కట్ చేసిన అక్షరాలు తెర మీద నుంచి అప్పుడే మాయమవుతాయి. అవి క్లిప్‌బోర్డ్ అనే తాత్కాలిక చోట ఉంటాయి. మామూలుగా అందులో ఒక్కదానికే జాగా. పేస్ట్ చేసేలోపు ఇంకోటి కాపీ చేస్తే ముందుది పోయి రెండోది ఉంటుంది. కంట్రోల్+జెడ్ కాపాడుతుంది గానీ ఆ ఫైలు అప్పటికే మూసేసి ఉంటే అదీ లేదు. ఫైళ్లకి ఈ బెంగ లేదు. విండోస్‌లో ఫైలుని కట్ చేస్తే అది కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది, పేస్ట్ చేసేదాకా ఉన్నచోటే ఉంటుంది. మనసు మారితే పేస్ట్ చేయకుండా ఊరుకుంటే చాలు.

కాబట్టి: అక్షరాలకి మొదటి నెల కాపీయే. ఫైళ్లకి కట్ వాడినా పరవాలేదు.

పేస్ట్‌లోనూ రెండు రకాలు

ఒక వెబ్ పేజీ నుంచి పేరా తెచ్చి మీ రాతలో పెడితే మధ్యలో ఆ ముక్క ఒక్కటే పెద్ద అక్షరాలతో, వేరే రంగుతో కనిపిస్తుంది. కొత్తవాళ్లు తాము ఏదో పాడుచేశామనుకుంటారు. తప్పేమీ లేదు. మామూలు పేస్ట్ అక్షరాలతోపాటు వాటి వేషం కూడా మోసుకొస్తుంది. అక్షరాలు మాత్రమే కావాలంటే కంట్రోల్+షిఫ్ట్+వి. క్రోమ్‌లో, గూగుల్ డాక్స్‌లో ఇది ఎప్పటినుంచో ఉంది, వర్డ్ కొత్త వెర్షన్లలోనూ వచ్చింది. పాత వర్డ్‌లో అయితే మామూలుగా పేస్ట్ చేసి, వెంటనే కంట్రోల్ ఒకసారి తట్టి వదిలి, టి కొట్టండి. వేషం పోయి అక్షరాలు మిగులుతాయి.

రెండిట్లో ఏది వాడాలంటే, వేరేచోటి నుంచి తెచ్చేటప్పుడు వేషం లేని పేస్ట్. ఒకే ఫైలులో ఇటునుంచి అటు జరిపేటప్పుడు మామూలు పేస్ట్. మీరు పెట్టుకున్న బోల్డ్, శీర్షికలు చెక్కుచెదరకుండా వస్తాయి.

ఎక్సెల్‌లో ఇదే తేడా లెక్కలనే మార్చేస్తుంది. ఏ1, బీ1 గళ్లని కూడే సూత్రం ఉన్న గడిని కాపీ చేసి ఒక వరస కింద పేస్ట్ చేస్తే అది ఏ2, బీ2లని కూడుతుంది. మీకు ఆ మొత్తం అంకె మాత్రమే కావాలంటే రైట్ క్లిక్ చేసి పేస్ట్ ఆప్షన్స్‌లో ‘వాల్యూస్’ ఎంచుకోండి. అక్కడ 123 అని రాసిన చిన్న బొమ్మ ఉంటుంది.

తెలుగు రాతకి ఇంకో చిక్కుంది, నేర్చుకునేవాళ్లు తమ చేతి తప్పనుకునేది. ప్రెస్సులో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైలు నుంచి కాపీ చేసి ఈమెయిల్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడతాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలు గీసిపెడతాయి. ఫాంటు పోతే అడుగున ఉన్నది బయటపడుతుంది. అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడి పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకి సొంత స్థానాలున్నాయి కనక ఎక్కడ పేస్ట్ చేసినా తెలుగు తెలుగుగానే ఉంటుంది. పాత ఫైళ్లని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే కాపీ చేయాలి. తెలుగు పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేసినా వత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతుంటాయి. అప్పుడు ఆ పీడీఎఫ్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అది పేజీని బొమ్మలా చదివి అక్షరాలుగా మార్చి ఇస్తుంది. తప్పులు కొన్ని ఉంటాయి, దిద్దుకోవాలి.

ఒక్కటే చాలా, చరిత్ర కావాలా

క్లిప్‌బోర్డ్‌లో ఒక్కదానికే జాగా అన్నాను. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి దీనికి విరుగుడు ఉంది. విండోస్ కీ పట్టుకుని వి కొడితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. మొదటిసారి ఆన్ చేయమని అడుగుతుంది. అక్కడి నుంచి మీరు కాపీ చేసినవి 25 దాకా గుర్తుంచుకుంటుంది. కావలసినదాని మీద క్లిక్ చేస్తే అదే పేస్ట్ అవుతుంది. పిన్ చేసినవి తప్ప మిగతావి కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే పోతాయి.

పదే పదే అవే వాక్యాలు, చిరునామాలు పెట్టేవాళ్లకి ఇది వరం. అయినా మొదటి నెలలో దీన్ని ఆన్ చేయవద్దనే అంటాను. ‘చివరగా కాపీ చేసిందే పేస్ట్ అవుతుంది’ అన్న ఒక్క నియమం ముందు ఒంటబట్టాలి. పదిమంది వాడే కంప్యూటర్‌లో అయితే ఎప్పటికీ వద్దు. మీరు కాపీ చేసిన పాస్‌వర్డ్, ఖాతా నంబరు తర్వాత కూర్చున్నవాళ్లకి ఆ పెట్టెలో కనిపించవచ్చు. తప్పనిసరై వాడితే, లేచే ముందు అదే పెట్టెలో ‘క్లియర్ ఆల్’ నొక్కండి. అది అసలు ఆన్‌లో లేకపోయినా, లేచే ముందు ఏదో ఒక మామూలు పదాన్ని కాపీ చేసి వెళ్లడం మంచిది.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక, ఇది చాలా ముఖ్యం. ఈమధ్య కొన్ని మోసపు పేజీలు ‘మీరు మనిషేనని నిరూపించుకోండి’ అని చెప్పి, విండోస్+ఆర్ కొట్టి, కంట్రోల్+వి కొట్టి, ఎంటర్ నొక్కమంటాయి. ఆ పేజీలో మీరు బటన్ నొక్కగానే అది ఒక దొంగ ఆజ్ఞని మీ క్లిప్‌బోర్డ్‌లో పెట్టేసి ఉంటుంది. మీ చేతులతోనే దాన్ని మీ కంప్యూటర్‌లో నడిపిస్తారన్నమాట. కాపీ–పేస్ట్ కొత్తగా నేర్చుకుని ఉత్సాహంగా ఉన్నవాళ్లే దీనికి సులువుగా చిక్కుతారు. మీరు కాపీ చేయనిదాన్ని ఎక్కడా పేస్ట్ చేయవద్దు. ఏ నిజమైన వెబ్‌సైటూ మనిషని తేల్చుకోవడానికి విండోస్+ఆర్ కొట్టమనదు.

మాక్, లినక్స్ వాడేవాళ్లకి

మాక్‌లో అన్నీ ఇవే, కంట్రోల్ బదులు కమాండ్ కీ. అది స్పేస్ బార్ పక్కనే ఉంటుంది కనక బొటనవేలుతో అందుతుంది, నిజానికి చిటికెన వేలు కంటే సుఖం. మాక్‌లో ఫైళ్లు చూపించే ఫైండర్‌లో వాటిని జరపడానికి కట్ ఉండదు. కమాండ్+సి కొట్టి, కొత్తచోట ఆప్షన్+కమాండ్+వి కొట్టాలి. జరపాలా, కాపీయా అన్నది పేస్ట్ చేసేటప్పుడు తేలుతుంది. నాకు ఈ పద్ధతే భద్రంగా అనిపిస్తుంది. లినక్స్‌లో మామూలు ప్రోగ్రాముల్లో విండోస్ కీలే. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో మాత్రం కంట్రోల్+సి నడుస్తున్న పనిని ఆపేస్తుంది, అక్కడ కాపీకి కంట్రోల్+షిఫ్ట్+సి.

మరి మీరు ఏది పట్టుకోవాలి

నెలకి ఒకటి రెండుసార్లు మాత్రమే కంప్యూటర్ తెరిచేవాళ్లయితే రైట్ క్లిక్‌తోనే ఉండిపోండి. కీలు గుర్తుపెట్టుకున్నా మళ్లీ తెరిచేసరికి మరిచిపోతారు. రోజూ రాసేవాళ్లు, దరఖాస్తులు నింపేవాళ్లు, మెయిళ్లు పంపేవాళ్లు వారం తిరక్కుండా కీబోర్డుకి రండి. మౌస్ పట్టుకోవడమే ఇబ్బందిగా ఉన్నవాళ్లు మొదటిరోజే కీబోర్డుతో మొదలుపెట్టవచ్చు. షిఫ్ట్, బాణాలతో సెలెక్ట్ చేసి, షిఫ్ట్+ఎఫ్10 కొడితే రైట్ క్లిక్ పట్టీ కూడా కీబోర్డు నుంచే తెరుచుకుంటుంది. కళ్లతో చూస్తూ ఆ పట్టీలో బాణాలతో కిందికి వెళ్లి ఎంటర్ కొట్టవచ్చు. ఫోటోలు, ఫైళ్లు సర్దుకునే పనే ఎక్కువైతే కుడి బటన్‌తో లాగడం నేర్చుకోండి.

సాధనకి ముఖ్యమైన ఫైలు తీయకండి. ఖాళీ ఫైలులో మీకు నోటికొచ్చిన పద్యం నాలుగు పాదాలు టైపు చేసి, ఆ పాదాలని తారుమారు చేసి, మళ్లీ కాపీ–పేస్ట్‌తోనే వరసలోకి తెచ్చుకోండి. వరస మీకు ముందే తెలుసు కనక ఎక్కడ తప్పిందో వెంటనే దొరుకుతుంది. పిన్ని ఇలాగే రోజుకో పద్యం చొప్పున చేసింది. మొదటి మూడు రోజులు రైట్ క్లిక్‌తో, నాలుగో రోజు నుంచి చిటికెన వేలు కంట్రోల్ మీద పెట్టి, పెదాలతో “పట్టుకో, తట్టు, వదులు” అనుకుంటూ. ఎనిమిదో రోజు ఫోన్ చేసి, మూడో పేజీ పేరా పైకి తెచ్చానని, పాతదాన్ని ఇంకా చెరపలేదని, పైన సరిగ్గా వచ్చిందో లేదో ఒకసారి చదువుకుని అప్పుడు చెరుపుతానని చెప్పింది.